వంశధార, నాగావళి ఒడ్డు ఇళ్లకు వరద బీమా: బీమా నియంత్రణ సంస్థ అధ్యక్షులకు బహిరంగ లేఖ

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ అధ్యక్షులకు నమస్కారం.

ఇళ్లకు బీమా అమ్మే సాధారణ బీమా సంస్థలన్నీ 'భారత్ గృహ రక్ష' పేరుతో ఒకే నమూనా పాలసీ ఇవ్వాలని 2021 ఏప్రిల్ 1 నుంచి మీరు నిబంధన పెట్టారు. తుపాను, వరద, ముంపు, పిడుగు, అగ్నిప్రమాదం, భూకంపం అన్నీ అందులో ఉన్నాయి. వరద కోసం వేరే పాలసీ తీసుకోనక్కర్లేదు. నేను శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డు ఊళ్లలో ఇళ్లు కట్టే తాపీ మేస్త్రిని. నేను పనిచేసిన ఊళ్లలో, బ్యాంకు అప్పుతో సంబంధం లేకుండా తనంతట తాను ఆ పాలసీ తీసుకున్న ఇంటి యజమాని నాకు ఒక్కరూ తారసపడలేదు. అలాంటిది ఒకటి ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. పాలసీ మంచిది. అది నీళ్లు వచ్చే ఇళ్లకు చేరలేదు. చేరకపోవడానికి మాకు తెలియకపోవడం ఒక కారణమైతే, పాలసీ రాతలోనూ అమ్మే తీరులోనూ మరికొన్ని కారణాలున్నాయి. వాటిని సరిదిద్దే అధికారం మీకుంది కాబట్టి ఈ ఉత్తరం మీ పేర రాస్తున్నాను.

మా నదుల సంగతి ముందు కొంత చెప్పాలి. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించి, ఒకటి కళింగపట్నం దగ్గర, మరొకటి శ్రీకాకుళం పట్టణం దాటాక కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తాయి. వాన అక్కడ కురుస్తుంది, నీళ్లు ఇక్కడికి వస్తాయి. మా ఊళ్లో ఎండ కాస్తుండగానే వంశధార మీది గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారన్న కబురు రావడం మాకు అలవాటే. ఒడిశాలోని గుణుపురం, కాశీనగర్ ఎగువన కుండపోత కురిసిందంటే హిరమండలం నుంచి కళింగపట్నం దాకా ఒడ్డు ఊళ్లలో సామాన్లు అటకెక్కుతాయి. విజయనగరం జిల్లాలో సువర్ణముఖి, వేగావతి ఒడ్డు ఊళ్ల పరిస్థితీ ఇంతే.

2013 అక్టోబరులో పైలిన్, 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి దగ్గరలో తీరం దాటిన గులాబ్. మాకు దసరా, దీపావళి వచ్చే రోజులే తుపాను రోజులు. తిత్లీ అనగానే ఉద్దానంలో కూలిన కొబ్బరి చెట్లు, జీడిమామిడి తోటలు అందరికీ గుర్తొస్తాయి. అవి గుర్తుండాల్సినవే. ఆ గాలి వెనకే కొండల్లో పడిన వాన వంశధారలోకి దిగి ఊళ్లు ముంచిన సంగతి మాత్రం జిల్లా బయట ఎక్కువ మందికి తెలియదు. గాలికి ఎగిరిన పైకప్పు ఫొటోలో కనిపిస్తుంది. నీళ్లకు నానిన గోడ కనిపించదు.

ఆ గోడ గురించే నాకు ఎక్కువ తెలుసు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. క్లెయిము వేళ నష్టం లెక్కగట్టే బీమా సర్వేయర్లకు కూడా ఇది పనికొస్తుంది.

మా ప్రాంతంలో మూడు నాలుగు రకాల ఇళ్లున్నాయి. పాతవి మట్టిగోడల పెంకుటిళ్లు. ఆ తరువాతవి ఇటుక గోడలు, కానీ ఇటుకల మధ్య సిమెంటు బదులు మట్టి అడుసు, పైన మాత్రం సిమెంటు పూత. బయటినుంచి చూస్తే అది పక్కా ఇల్లే. ఇక రేకుల ఇళ్లు, ప్రభుత్వ గృహ పథకాల్లో కట్టుకున్న చిన్న స్లాబు ఇళ్లు, గల్ఫ్‌కో చెన్నైకో హైదరాబాదుకో వలసపోయి కూడబెట్టిన డబ్బుతో కట్టుకున్న డాబాలు. వరద వీటన్నింటినీ ఒకేలా దెబ్బతీయదు.

మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడ రెండు రోజులు నీళ్లలో నిలబడితే లోపలి అడుసు మెత్తబడుతుంది. నీళ్లు తీసిన రోజు గోడ నిటారుగానే ఉంటుంది. తరువాత ఎండ కాస్తుంది, అడుసు ఆరి కుంచించుకుపోతుంది, ఇటుకల మధ్య ఖాళీలు ఏర్పడతాయి. కొన్ని వారాలకు మూలల్లో బీటలు, కిటికీ పైన వాలు పగుళ్లు కనిపిస్తాయి. గోడ మధ్యలో ఉబ్బుతుంది. ఒక్కోసారి తరువాతి వానాకాలంలో ఆ గోడ కూలుతుంది, అప్పుడు దాన్ని వరద నష్టమని ఎవరూ అనరు. స్లాబు ఇంటికి వచ్చే జబ్బు వేరు. పునాది పైన బేస్‌మెంటులో నింపిన మట్టి నాని దిగిపోతుంది, దానితో గచ్చు కుంగుతుంది. గుమ్మాలు ఉబ్బి తలుపులు పట్టవు. గోడల్లోని కరెంటు తీగలన్నీ మార్చాలి. మరుగుదొడ్డి గుంత నిండి నీళ్లు ఇంట్లోకి తన్నుతాయి, బావి పాడవుతుంది. ఇవన్నీ ఇల్లు కూలకుండానే జరిగే నష్టాలు. సామాన్ల జాబితా మీకు తెలిసిందే: బీరువా, మంచాలు, పరుపులు, ఫ్రిజ్, టీవీ, కుట్టుమిషను, ఏడాది తినడానికి దాచుకున్న బియ్యం.

ఇంత జరిగాక మాకు ఏం అందుతుంది? రాష్ట్ర విపత్తు స్పందన నిధికి 2022–26 కాలానికి కేంద్రం నిర్ణయించిన లెక్కలు చూడండి. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా దెబ్బతింటే 1,20,000 రూపాయలు. కొండ ప్రాంతంలో అయితే 1,30,000. పక్కా ఇల్లు పాక్షికంగా, అదీ కనీసం 15 శాతం దెబ్బతింటే 6,500. కచ్చా ఇంటికి 4,000. గుడిసెకు 8,000. ఇల్లు కొట్టుకుపోయినా, పూర్తిగా పాడైనా, రెండు రోజులకు మించి బాగా ముంపులో ఉన్నా బట్టలకు 2,500, వంటసామాన్లకు మరో 2,500. మేస్త్రిగా చెబుతున్నాను, 6,500 రూపాయలతో నానిన గోడకు ఒకవైపు పూత కొట్టించడం కూడా కష్టం. 1,20,000తో మొదలుపెట్టిన ఇల్లు బేస్‌మెంటు దాటి ఎంతో పైకి లేవదు.

ఈ సాయం పంచే సిబ్బందిని నేను తప్పుపట్టను. వాళ్లు బురదలో నడిచి ఇంటింటికీ వచ్చి పేర్లు రాసుకుంటారు. ఆ నిబంధనల ఉద్దేశం తక్షణ ఊరట, పోయిన ఇంటిని తిరిగి కట్టించడం వాటి పని కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం నేల అంతస్తు ఇళ్లకు 25,000, పై అంతస్తుల వారికి 10,000 రూపాయలు ప్రకటించింది. అక్కడివారికి ఆ డబ్బు ఎంతో అవసరం, ఇచ్చినందుకు సంతోషం. అయితే అది ఒక వరదకు ఒక ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం. రేపు నరసన్నపేట, జలుమూరు, గార మండలాల్లో నీళ్లు నిలిస్తే ఎంత వస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. బీమా అయితే ముందుగానే అంకె వేసి కాగితం మీద రాసి ఇస్తుంది. మాకు కావలసింది ఆ కాగితం.

మీ పాలసీ షరతులు చదివినప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది. ఉదాహరణకు ఇల్లు తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చు 8 లక్షలు అని రాయించుకుంటే, లోపలి సామాన్లకు అందులో 20 శాతం, అంటే 1,60,000 రూపాయల రక్షణ వస్తువుల జాబితా ఇవ్వకుండానే వస్తుంది. ఈ సామాన్ల రక్షణకు గరిష్ఠ పరిమితి 10 లక్షలు. స్థలం విలువతో పనిలేదు, నిర్మాణ వ్యయమే లెక్క. పాతరోజుల్లో ఇంటి విలువలో సగానికే బీమా చేయిస్తే నష్టంలోనూ సగమే ఇచ్చేవారు, ఆ కోతను గృహ రక్షలో తీసేశారు. పదేళ్ల దాకా ఒకేసారి పాలసీ తీసుకోవచ్చు. ఏటా బీమా మొత్తం 10 శాతం చొప్పున పెరుగుతుంది, దానికి అదనపు ప్రీమియం లేదు. ఇల్లు ఉండటానికి వీల్లేకుండా పోతే వేరే ఇంటి అద్దె కూడా ఉంది. శిథిలాల తొలగింపు ఖర్చు ఉంది. అద్దెకుండేవాళ్లు సామాన్లకు మాత్రమే తీసుకోవచ్చు. మామూలు ఇంటికి ఏడాది ప్రీమియం వందల రూపాయల్లో తేలుతుంది. 6,500 రూపాయల సాయాన్నీ ఈ పాలసీనీ పక్కపక్కన పెట్టి చూపిస్తే మా ఊళ్లో వద్దనేవాళ్లు ఉండరు.

మరి ఎందుకు లేదు? మొదటి సంగతి, మాకు దీన్ని ఎవరూ అమ్మలేదు. మా ఊళ్లకు వచ్చే ఏజెంట్లు జీవిత బీమా అమ్ముతారు, బండికి బీమా చేయిస్తారు. ఇంటి బీమాలో ప్రీమియం చిన్నది, కమీషన్ ఇంకా చిన్నది, దానికోసం పల్లెకు రావడం వాళ్లకు గిట్టుబాటు కాదు. ఇది వాళ్ల దోషం అనను.

రెండోది బ్యాంకు అప్పుల వ్యవహారం. గృహ రుణం తీసుకున్నవాళ్లకు ఏదో ఒక బీమా ఉంటుంది. నేను కట్టిన ఒక ఇంటి యజమానికి అప్పు ఇచ్చేటప్పుడే బీమా సొమ్ము కోసుకున్నారు, పాలసీ కాపీ మాత్రం ఇవ్వలేదు. ఇంట్లోకి నీళ్లు వచ్చి గచ్చు కుంగాక కూడా తనకు బీమా ఉందని ఆయనకు తెలియదు. తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. మరమ్మతులన్నీ వడ్డీకి తెచ్చిన డబ్బుతో నా చేతనే చేయించుకున్నాడు. అది ఇంటికి చేసిన బీమానా, ప్రాణానికి చేసిన బీమానా, సామాన్లు అందులో ఉన్నాయా లేదా అన్నది అప్పు తీసుకున్న మనిషికి తెలుగులో ఒక్క పేజీలో రాసి ఇవ్వాలని మీరు ఆదేశిస్తే చాలు. దానికి కొత్త పథకం ఏదీ అక్కర్లేదు.

మూడోది కాగితాలు. మా ఇళ్లలో చాలావరకు గ్రామకంఠంలో ఉన్నాయి. తాతల నుంచి వచ్చిన స్థలం, పేరు మీద దస్తావేజు లేదు. 2020లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం కింద గ్రామాల్లోని ఇళ్లకు ఆస్తి కార్డులు ఇవ్వాలన్నది ఈ లోటు పూడ్చడానికే, కానీ ఆ కార్డు చేతికొచ్చేదాకా వరద ఆగదు. పంచాయతీ ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు ఉంటే ఇంటిపై హక్కుకు సాక్ష్యంగా సరిపోతాయని, క్లెయిము వేళ ఇంకే దస్తావేజూ అడగకూడదని స్పష్టంగా రాయండి. ప్రీమియం తీసుకునేటప్పుడు అడగని కాగితం నష్టం జరిగాక అడగడం న్యాయం కాదు.

ఇప్పుడు పాలసీ రాతలో ఉన్న ఒక మాట గురించి. ఈ ఉత్తరంలో మీరు ఒక్క పేరా మాత్రమే చదువుతారంటే ఇదే చదవమంటాను. భూమి కుంగడం, కొండచరియలు విరిగిపడటం వల్ల వచ్చే నష్టానికి రక్షణ ఇస్తూనే, అదే చోట సముద్రపు కోత, నదీ కోతను మినహాయించారు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒడ్డు అరిగిపోవడాన్ని బీమా భరించలేదంటే నాకు అర్థమవుతుంది. కానీ వంశధార ఒడ్డున జరిగేది అది ఒక్కటే కాదు. వరద వచ్చిన రాత్రి నీటి ఉరవడికి గట్టు కింద ఇసుక జారిపోయి, ఒడ్డు పెళ్లలుగా విరిగి, ఇంటి పునాది గాలిలో వేలాడుతుంది. దీన్ని వరద అనాలా, కోత అనాలా? వరద అంటే డబ్బు వస్తుంది, కోత అంటే రాదు. ఇంటివాడికి మాత్రం రెండింటికీ తేడా లేదు, ఇల్లు నదిలోకి పోయింది. కాబట్టి ఒక వివరణ ఇవ్వండి: వరద హెచ్చరిక అమల్లో ఉన్న రోజుల్లోనూ, ఆ నీళ్లు తీసిన కొద్ది వారాల్లోనూ ఒడ్డు కోసుకుపోయి ఇల్లు దెబ్బతింటే దాన్ని వరద నష్టంగానే లెక్కించాలి. తీరంలో ఉన్న మత్స్యకార గ్రామాలకు తుపాను కెరటాల కోత విషయంలోనూ ఇదే వర్తించాలి. మా జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఈ ఒక్క మాట మారకపోతే బీమా అందరికంటే ఎక్కువ అవసరమైన ఒడ్డు చివరి వరుస ఇళ్లకే అక్కరకు రాకుండా పోతుంది.

సర్వే గురించి కూడా ఒక మాట. సర్వేయరును 24 గంటల్లో నియమించాలని, 15 రోజుల్లో నివేదిక తెప్పించుకోవాలని 2024లో మీరు ఆదేశాలిచ్చారు. ఆలస్యం తగ్గించడానికి అది మంచి ఆదేశం. పైన చెప్పిన మట్టి అడుసు గోడ సంగతి గుర్తుచేసుకోండి. 15 రోజుల్లో దాని పగుళ్లు బయటపడవు. మొదటి సర్వేతో డబ్బు ఇచ్చేయండి, కానీ ఫైలు మూసేయకండి. మూడు నెలల లోపు కొత్తగా బయటపడిన నష్టానికి అదే క్లెయిము కింద రెండోసారి చూడాలని నిబంధన పెట్టండి. ఇందుకు విశాఖపట్నం నుంచి నిపుణులు రానక్కర్లేదు. గ్రామ సచివాలయంలోని ఇంజినీరింగ్ సహాయకుడు తీసిన ఫొటో, కొలత చాలు.

మీ సంస్థ ముందు బీమా సంస్థలు చెప్పే వాదన ఒకటుంది, అందులో నిజం ఉంది. నది పక్క వాళ్లే పాలసీ తీసుకుంటారు, వరద వస్తే వేల ఇళ్లు ఒకేసారి మునుగుతాయి, అందరికీ ఒక్కరోజే ఇవ్వాల్సి వస్తుంది, అలాంటి వ్యాపారం నిలబడదు అంటారు. అమెరికాలో సరిగ్గా ఈ కారణంతోనే ప్రైవేటు సంస్థలు వరద బీమా నుంచి తప్పుకుంటే 1968లో ప్రభుత్వమే జాతీయ వరద బీమా పథకం పెట్టింది. ముప్పు ఎక్కువ ఉన్న ప్రాంతాల్లో ప్రభుత్వ హామీ ఉన్న గృహ రుణం తీసుకుంటే వరద బీమా తప్పనిసరి చేశారు. ఇంటికి 2,50,000 డాలర్లు, సామాన్లకు 1,00,000 డాలర్ల దాకా ఇస్తారు. ఆ పథకంలో లోపాలూ ఉన్నాయి. 2005లో కత్రినా తుపాను తరువాత అది ఖజానా నుంచి భారీగా అప్పు చేయాల్సి వచ్చింది. బ్రిటన్ 2016లో ఇంకో దారి పట్టింది. ఇళ్లకు బీమా అమ్మే సంస్థలన్నీ కలిసి ఒక ఉమ్మడి నిధికి చందా కడతాయి, వరద ముప్పున్న ఇళ్ల భారాన్ని ఆ నిధి మోస్తుంది, 2039 దాకా ఆ ఏర్పాటు ఉంటుంది. 2009 జనవరి 1 తరువాత కట్టిన ఇళ్లను మాత్రం అందులోకి రానివ్వరు. బీమా ఉంది కదా అని ముంపు నేలల్లో కొత్త ఇళ్లు కట్టకుండా ఉండటానికి అలా చేశారు.

ఈ ఆఖరి నిబంధన నా మనసుకు బాగా పట్టింది. నదికి దగ్గరగా, చవకగా వచ్చిన లోతట్టు స్థలంలో ఇల్లు కట్టమని నన్ను అడిగేవాళ్లు ఏటా ఉంటారు. వద్దని చెప్పినా వినరు, ఇంకో మేస్త్రితో కట్టించుకుంటారు. ఇప్పటికే ఉన్న ఊళ్లను బీమాలోకి తీసుకోండి. ఒక తేదీ ప్రకటించి, ఆ తరువాత వరద మట్టం కంటే కిందికి బేస్‌మెంటు పెట్టి కట్టిన కొత్త ఇంటికి తక్కువ ప్రీమియం ఉండదని చెప్పండి. మట్టం దాటి పునాది లేపిన ఇంటికి ప్రీమియం తగ్గించండి. మేము ఎంత చెప్పినా వినని మాట ప్రీమియం రసీదు చెబితే వింటారు.

అందరూ ఒకేసారి మునుగుతారన్న భయానికి జవాబు, ముప్పు లేనివాళ్లను కూడా కలపడమే. ఊరిలో నది పక్క వీధినే కాకుండా ఊరంతటినీ, మండలంలో మెరక ఊళ్లను కూడా ఒకే సామూహిక పాలసీ కిందికి తేవాలి. అది చేయగలిగిన వ్యవస్థ మా దగ్గర ఇప్పటికే ఉంది. మహిళా సంఘాలు, వాటిపైన గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు. మా ఇంట్లో నా భార్య సంఘ సభ్యురాలు, బీమా అంటే ఏమిటో ఆమెకు నాకంటే ముందే తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలో సంఘాల తరఫున బీమా మిత్రలు పనిచేశారు. ఇంటి మనిషి చనిపోయిన రోజున వచ్చి కాగితాలు రాయించి, క్లెయిము సొమ్ము అందేదాకా వెంటపడిన ఆడవాళ్లు వాళ్లు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు 20 రూపాయలు, జీవన్ జ్యోతికి 436 రూపాయలు ఏటా బ్యాంకు ఖాతాల్లోంచి వెళ్తున్నాయి, ఎవరూ గొణగడం లేదు. ఇంటి బీమాకు కూడా అదే దారి వేయండి. ప్రతి గ్రామ పంచాయతీలో మహిళలను బీమా వాహకులుగా నియమిస్తామని, జీవితం, ఆరోగ్యం, ఆస్తి కలిపి 'బీమా విస్తార్' అనే ఒకే పాలసీ తెస్తామని, 2047 నాటికి అందరికీ బీమా ఉండాలని మీ సంస్థే చెప్పింది. 2047 దాకా మా గోడలు ఆగవు. ముందుగా వరద ముప్పున్న జిల్లాలతో మొదలుపెట్టండి, వాటిలో శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాలు ఉండాలి. నదులు మూడింటిలోనూ పారుతున్నాయి. 2022లో జిల్లాలు విడిపోయాయి కానీ నీళ్లు విడిపోలేదు.

చిన్న క్లెయిములకు సర్వే లేకుండానే డబ్బు ఇచ్చే మార్గం కూడా ఆలోచించండి. వంశధార మీద గుణుపురం, కాశీనగర్ దగ్గర, నాగావళి మీద శ్రీకాకుళం దగ్గర కేంద్ర జలసంఘం నీటిమట్టం కొలుస్తుంది. మట్టం ఫలానా గీత దాటితే ఫలానా ఊళ్లలో ప్రతి పాలసీదారు ఖాతాలో ముందుగా అనుకున్న మొత్తం పడాలి, మిగిలిన నష్టం తరువాత సర్వేలో తేలుతుంది. ఇలా కొలత ఆధారంగా చెల్లించే విపత్తు బీమాను నాగాలాండ్ ప్రభుత్వం ఇప్పటికే తీసుకుంది. అక్కడ డబ్బు రాష్ట్ర ప్రభుత్వానికి చేరుతుంది. ఇక్కడ ఇంటివాళ్ల ఖాతాకు చేరేలా చేయవచ్చు. వరద తగ్గిన మొదటి వారంలో చేతిలో పదివేలు ఉన్న కుటుంబం వడ్డీ వ్యాపారి గడప తొక్కదు. ఆ వారంలో తెచ్చిన అప్పే ఏళ్ల తరబడి తీరకుండా ఉండిపోతుంది, అది తీర్చడానికే మా కుర్రాళ్లు రైలెక్కుతున్నారు. అలా వలసపోయి తాళం వేసిన ఇళ్లకు కూడా రక్షణ కొనసాగుతుందన్న హామీ పాలసీలో తెలుగులో రాసి ఉండాలి.

పన్ను గురించి కేంద్రానికి మీరు సిఫారసు చేయాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాపై జీఎస్టీ తీసేశారు. ఇంటి బీమాపై 18 శాతం అలాగే ఉంది. ముంపు ఊళ్లో పెంకుటిల్లు బీమా చేయించుకునే మనిషి దగ్గర ఆ పన్ను తీసుకోవడం తగదు.

తాటాకు, గడ్డి, వెదురు ఇళ్లను బీమా భాషలో కచ్చా కట్టడాలని వేరు చేస్తారు. వాటిని సంస్థలు ఇష్టంగా తీసుకోవు. అక్కడ ప్రీమియం రాష్ట్ర ప్రభుత్వమే కట్టాలని నా అభిప్రాయం. పంటల బీమాలో రైతు వాటా ప్రభుత్వమే భరించిన సంవత్సరాలు ఈ రాష్ట్రంలో ఉన్నాయి. పొలానికి చేసినది పూరింటికి చేయలేమా?

మీ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. వచ్చే తుపాను కాలానికి ముందే ఒకసారి శ్రీకాకుళం రండి, లేదా మీ అధికారులను పంపండి. బీమా సంస్థల ప్రతినిధులను, జిల్లా కలెక్టర్లను, మండల సమాఖ్యల మహిళలను ఒకచోట కూర్చోబెట్టండి. ప్రీమియం లెక్క వేయడానికి ఊళ్ల సమాచారం లేదని సంస్థలు చెప్పవచ్చు. ఆ పని మేము చేసి పెడతాం. ప్రతి ఇంటి వైశాల్యం, గోడ రకం, పైకప్పు, బేస్‌మెంటు ఎత్తు, పాత వరదల్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయన్న గుర్తు కొలిచి రాయడానికి నేనూ, నాతోటి మేస్త్రులూ సిద్ధంగా ఉన్నాం. సంఘాల మహిళలు పేర్లు, ఇంటిపన్ను రసీదు నంబర్లు రాసి ఇస్తారు. మొదట జలుమూరు, నరసన్నపేట, పోలాకి, గార మండలాల ఒడ్డు ఊళ్లలో చేస్తాం. ఆ జాబితా ఏ నమూనాలో ఉండాలో, ఏ వివరాలు తప్పనిసరిగా కావాలో మీరు తెలుగులో రాసి జిల్లా కలెక్టరు కార్యాలయం ద్వారా మాకు పంపండి.

ఇట్లు,
వంశధార ఒడ్డున ఇల్లున్న ఒక తాపీ మేస్త్రి,
శ్రీకాకుళం జిల్లా.